లోహాక్షుడి కంచు ప్రేమికులు

కంబుపురి రాజ్యంలో కొత్తగా పెళ్లయినవాళ్లు మాయమైపోసాగారు. ఒక ఇంట్లో మొగుడు, ఒక ఇంట్లో పెళ్లాం, మరో ఇంట్లో ఇద్దరూ కనిపించకుండా పోయేవారు. అదే కాలంలో లోహాక్షుడనే శిల్పి రాజోద్యానంలో ఒక్కొక్కటిగా కంచు విగ్రహాలు నిలబెడుతూ వచ్చాడు. అవన్నీ యవనుల పురాణాల్లోని ప్రేమకథలు. చనిపోయిన భార్య కోసం పాతాళానికి దిగిన గాయకుడు, దేవత కోపానికి సింహాలుగా మారిన దంపతులు, ప్రియురాలు చూపే దీపాన్ని నమ్ముకుని సముద్రం ఈదే యువకుడు! ఆ పనితనానికి విక్రమకేతు మహారాజు మురిసిపోయేవాడు.

సేనాపతి కూతురు ఉత్పలకు పెళ్లయిన కొద్దిరోజులకే భర్త మకరందుడు మాయమయ్యాడు. అతణ్ణి వెతుకుతూ ఉద్యానానికి వచ్చిన ఉత్పల, ఈతగాడి విగ్రహం ముందు కొయ్యబారిపోయింది. ఆ ముఖం మకరందుడిదే. కనుబొమ మీది గాటుతో సహా అతడే.

మంత్రంతో మనుషుల్నే విగ్రహాలుగా మారుస్తున్నాడన్న గుట్టు బయటపడగానే లోహాక్షుడు వికటంగా నవ్వి, విగ్రహాలన్నిటితో సహా అదృశ్యమయ్యాడు. వాడి స్థావరం తామ్రగిరి అని వేగులవాళ్లు చెప్పారు.

"వాణ్ణి నా చేతులతోనే చంపుతాను," అని ఉత్పల రాజు ఎదుట శపథం చేసి, తండ్రి కత్తి తీసుకుని అడవిదారి పట్టింది.

దారిలో ఒక ముని ఆమెను ఆపాడు. "తల్లీ, పగతో పోతున్నావు. వద్దనను. కాని ముందే వాణ్ణి చంపావో, నీ మగడు ఎప్పటికీ కంచుబొమ్మే. విమోచన మంత్రం వాడి నోటనే రావాలి. ఒక్కసారి పలికితే అందరికీ విడుదల."

"అంతదాకా ఈ కత్తినెలా ఆపుకోను స్వామీ?"

"పళ్లు బిగించి ఆపుకో," అన్నాడు ముని.

తామ్రగిరి పాదం దగ్గర కంచు సింహాలు రెండూ గర్జిస్తూ మీదికి వచ్చాయి. ఉత్పల కదలలేదు. "మిమ్మల్ని ఇలా చేసినవాడి కోసమే వచ్చాను. దారివ్వండి!" అంది. ఆడసింహం కంట నీరు తిరిగింది. రెండూ పక్కకు తప్పుకున్నాయి.

గుహ ముఖద్వారంలో గాయకుడి విగ్రహం ఉంది. "లోపల వెనుదిరిగి చూశావంటే నాలాగే మిగిలిపోతావమ్మా," అని కంచు పెదవులతో హెచ్చరించింది. ఆమె నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి మకరందుడి గొంతు దీనంగా పిలిచింది. "ఉత్పలా, ఒక్కసారి ఇటు చూడవూ!" ఆమె కన్నీళ్లు కారుతున్నా తల తిప్పకుండా నడిచింది.

గుహ చివర పెద్ద గంగాళంలో కంచు కుతకుతలాడుతోంది. పక్కనే మకరందుడి విగ్రహం, దాని ముందు లోహాక్షుడు.

"ఎందుకు చేశావిదంతా?" అంది ఉత్పల.

"నేను వలచిన యవన కన్య నన్ను చూసి నవ్వి, మరొకణ్ణి పెళ్లాడింది. నాటి నుంచి ప్రేమికులు కనబడితే నా కడుపు మండుతుంది."

ఆ మంట ఎలాంటిదో ఉత్పలకు తెలుసు. అయినా ఆమెకు జాలి కలగలేదు. విగ్రహాన్ని ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "ఇదా నీ పనితనం! నా మగడు నన్ను చూసే చూపు ఇది కాదు. అది నీ చేతికి చిక్కలేదు."

"నా పనికే వంక పెడతావా?"

"అనుమానముంటే ప్రాణం పోసి చూసుకో."

రోషంతో ఒళ్లు మరిచిన లోహాక్షుడు మంత్రం పలికేశాడు. మకరందుడి గుండె కొట్టుకుంది. బయట మనుషుల గొంతులు కేరింతలు కొట్టాయి. మోసపోయానని గ్రహించిన మాంత్రికుడు మళ్లీ చెయ్యెత్తేలోగా ఉత్పల వాడి రొమ్ము మీద బలంగా తన్నింది. వాడు వెల్లకిలా గంగాళంలో పడ్డాడు. మకరందుడు గాభరాగా వాడికి చెయ్యి అందించబోతే, ఉత్పల ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆపింది.

విడుదలైనవాళ్లందరితో ఆ దంపతులు కంబుపురి చేరారు. సంతానం లేని విక్రమకేతు మహారాజు వారికే పట్టం కట్టాడు. లోహాక్షుణ్ణి మింగిన ఆ కంచును ఉత్పల బళ్ల మీద తెప్పించి, నగరంలోని కల్యాణమండపానికి గడపగా పోత పోయించింది. నాటి నుంచి ఆ రాజ్యంలో పెళ్లయిన ప్రతి జంటా దాన్ని తొక్కి, నవ్వుతూ లోపలికి వెళ్లేది.