మిరపకాయ పడని చికెన్

పొద్దున ఆరింటికి ఖమరున్నీసా టీ కాచి నాలుగు గ్లాసులు తీసింది. ఒకదాన్ని మళ్లీ బోర్లించింది. నలభై రోజులుగా ఇదే వరస. ఇంట్లో ఇప్పుడు ముగ్గురే అని మనసుకు తెలిసినా చేతికి ఇంకా తెలియలేదు.

ఈరోజు ఆమె కొడుకు పర్వేజ్ చాలీస్వా. పోయినవాళ్లకు నలభయ్యో రోజున ఫాతెహా ప్రార్థన చదివించి, వాళ్లు ఇష్టంగా తినే వంటలన్నీ చేసి పెడతారు. పర్వేజ్‌కు ముప్పై నిండలేదు. పాల్వంచలో ఒక గెస్ట్‌హౌస్‌లో వంటవాడు. నలభై రోజుల కింద ఒక ఆదివారం పొద్దున బజారుకని స్కూటీ తీసినవాడు సెంటర్ దాటకముందే లారీ కింద పడ్డాడు. కొడుకు చాలీస్వా వంటకు కూర్చుని వెల్లుల్లి ఒలుచుకునే గతి ఏ తల్లికీ పట్టకూడదు.

"అమ్మీ," అంది కోడలు షబ్రీన్, వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి. "ఇయాల ఒక్క వంట నేను చేస్త. ఆయనకు ఇష్టమైంది."

"బిర్యానీ అయితది, దాల్చా అయితది, ఖీర్ అయితది. ఇంక ఏంది?"

"గ్రీకు చికెన్."

ఖమరున్నీసా చేతిలో కత్తి ఆగింది. "ఆ పేరు ఈ ఇంట్ల ఎత్తకు, దుల్హన్," అంది. పెళ్లయి రెండేళ్లయినా కోడలిని దుల్హన్, అంటే పెళ్లికూతురా, అనే పిలుస్తుంది. ఒకప్పుడు ముద్దుగా, ఇప్పుడు మొక్కుబడిగా.

ఆ చికెన్ గొడవ పాతదే. గెస్ట్‌హౌస్‌లో పెద్ద మాస్టర్ దగ్గర నేర్చుకుని ప్రతి ఆదివారం ఇంట్లో చేసేవాడు పర్వేజ్. పెరుగు, నిమ్మరసం, దంచిన వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి ముక్కలకు పట్టించి నాలుగు గంటలు నానబెట్టాలి. అందులో ఒరెగానో అనే ఎండాకు వేయాలట. అది దొరక్క పెరట్లోని వామాకునే ఎండబెట్టి నలిపి వేసేవాడు. పసుపు లేదు, కారం అసలే లేదు.

"ఇది కూరనా, దవాఖానా పథ్యమా? ఖమ్మం మిర్చి తిని పెరిగినోనివి, నీకేం రోగమొచ్చెరా?" అనేది తల్లి.

"గ్రీసు దేశంల గిట్లనే తింటరు అమ్మీ."

"పాపం, ఆళ్లకు మిరపకాయలు దొరకయేమో! రెండు కిలోలు పార్సిల్ చెయ్."

షబ్రీన్ పడీ పడీ నవ్వేది. లారీ సీట్లు కుట్టే సర్వర్, పర్వేజ్ తండ్రి, మాటలు తక్కువ మనిషి, ఆయన కూడా నవ్వేవాడు.

కొడుకు పోయాక ఖమరున్నీసాకు ఒక వింత జబ్బు పట్టుకుంది. ఫ్రిజ్‌కు కాపలా. ఐసు గడ్డకట్టే పై అరను ఎవరినీ తెరవనిచ్చేది కాదు. కిందటి వారం ట్రాన్స్‌ఫార్మర్ కాలి రోజంతా కరెంటు లేకపోతే, చేపల బజారు నుంచి ఐసు తెప్పించి ఆ అర నిండా కుక్కింది. ఎందుకని అడిగితే కసిరింది. దుఃఖంలో ఉన్న మనిషి, ఏదో ఒకటి పట్టుకుందిలే అని అంతా ఊరుకున్నారు.

ఎనిమిదిన్నర బస్సుకు ఖమ్మం నుంచి పర్వేజ్ అక్క ఫాయిజా వచ్చింది. చెప్పులు విడవకముందే సంగతి చెవిన పడింది.

"సిగ్గున్నదా నీకు?" అంది మరదలి మీదికి వచ్చి. "నిమ్మకాయలు లేవని నువ్వు పంపితివి. ఆ దిక్కుమాలిన కూర కోసమే మా తమ్ముడు పోయిండు. ఇయాల అదే వండి వాని ఫాతెహాకు పెడతవా?"

షబ్రీన్ తల వంచుకుంది. నలభై రోజులుగా ఈ మాట పడుతూనే ఉంది. చావుకు వచ్చినవాళ్లు అన్నారు, పక్కింటివాళ్లు అన్నారు. ఆ పిల్ల ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. విప్పకపోయేసరికి నేరం ఒప్పుకున్నట్టే అయింది.

"ఇద్దత్ నాలుగు నెలల పది దినాలు గడప దాటొద్దు గనక ఎట్లనో ఓర్చుకుంటం," ఫాయిజా ఆగలేదు. "అది అయిన మర్నాడే టేకులపల్లి బస్సు ఎక్కిస్తం. మీ అమ్మగారింట్ల వండుకో నీ గ్రీకు చికెన్."

"నన్ను పంపకుండ్రి ఆపా. ఆయన తిరిగిన ఇల్లు ఇదొక్కటే ఉన్నది నాకు."

ఫాయిజా ఫ్రిజ్ దగ్గరికి నడిచింది. ఎండన పడి వచ్చిన ఒళ్లు, దానికి తోడు కోపం. ఐసుముక్క కోసం విసురుగా ఫ్రిజ్ పై తలుపు లాగింది.

"ముట్టకు!" ఖమరున్నీసా కేకకు వాకిట్లో ఉన్న సర్వర్ పరుగెత్తుకొచ్చాడు.

అప్పటికే ఫాయిజా చేతిలో ఒక స్టీలు డబ్బా ఉంది. మంచు పేరుకున్న మూత మీద తెల్ల టేపు ముక్క. గెస్ట్‌హౌస్ అలవాటు అది. ఏది నానబెట్టినా పేరు, రోజు, టైము రాసి అంటించకపోతే మాస్టర్ ఊరుకోడు. నీలి పెన్నుతో పర్వేజ్ రాత: 'చికెన్. ఆదివారం. ఉదయం 9.30.'

షబ్రీన్ ఆ డబ్బాను రెండు చేతులా లాక్కుంది. "పారేసిన అన్నరు కద అమ్మీ!"

"ఎట్ల పారెయ్యాలె?" ఖమరున్నీసా నేల మీద కూలబడింది. "వాని మట్టి అయినంక పాల కోసం ఫ్రిజ్ తెరిచిన. ఇదున్నది. చెడిపోకముందే పైన పెట్టిన. వాని చేతివంట ఇదే ఆఖరుది. పారేస్తే మళ్ల ఎవడు చేస్తడు?"

"అదే అంటున్న కద! ఈమె నిమ్మకాయలకు పంపకపోతే..." అంది ఫాయిజా.

"నిమ్మకాయలు ఎందుకే?" తల్లి అరిచింది. "తొమ్మిదిన్నరకు నానబెట్టిండు. నిమ్మరసం లేకుండ నానబెడతడా? వాడు పోయింది పదింటికి. నేను పంపిన. నీ చప్పిడి చికెన్ నేను తిన, నాకు పచ్చిమిరపకాయలు తే, నా కూర నేనే వండుకుంట అన్న. నవ్వుకుంట పోయిండు. పావుకిలో పచ్చిమిరపకాయలు, ఫాయిజా! గంతే. ఎందుకు పోయిండని నువ్వు అడిగితే నా నోటికి నిమ్మకాయలని వచ్చింది. అందరు దుల్హన్ దిక్కు చూసిర్రు. నేను చూడనిచ్చిన."

సర్వర్ గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. ఖమరున్నీసా కోడలి కొంగు పట్టుకుంది. "తిట్టు, దుల్హన్. నువ్వన్న తిట్టు నన్ను."

"నాకు తెలుసు అమ్మీ," అంది షబ్రీన్.

"ఏం తెలుసు?"

"నేను పెరట్ల వచ్చే వారానికని వామాకు కోస్తున్న. మీరన్నది ఇనబడ్డది. ఆయన స్కూటీ తీసింది కూడ ఇనబడ్డది."

"తెలిసి... నలభై దినాలు పడ్డవా?"

"నన్నంటే ఏడ్చి ఊకున్న. మిమ్మల్నంటే మీరు బతుకుతుంటిరా?" షబ్రీన్ అత్త పక్కనే కూర్చుంది. "ఆయన నవ్వుకుంట పోయిండని మీరే అంటున్నరు. ఆయనకు రాని కోపం నాకెందుకు అమ్మీ?"

అన్ని మాటలన్న ఫాయిజా కొంగు నోట్లో కుక్కుకుని వెక్కింది. "మాఫ్ చెయ్ షబ్రీన్," అంది వెక్కుల మధ్యనే.

"టేకులపల్లి మాట ఇంకోసారి ఎత్తకు," అంది ఖమరున్నీసా కూతురితో. "ఉండాల్నో పోవాల్నో ఆమె ఇష్టం. ఈ ఇల్లు ఆమెది."

డబ్బాను చన్నీళ్ల గిన్నెలో పెట్టారు. తడిస్తే అక్షరాలు పోతాయని షబ్రీన్ టేపును ముందే మెల్లగా ఊడదీసి అల్మారా అద్దానికి అంటించుకుంది. మధ్యాహ్నం దాటాక మంచు విడిచింది. ముక్కలు పెనం మీద పడగానే వెల్లుల్లి, వామాకు వాసన ఇల్లంతా తిరిగింది. అది ఆ ఇంటి ఆదివారం వాసన. సర్వర్ తట్టుకోలేక వాకిట్లోకి వెళ్లిపోయాడు.

సాయంత్రపు అసర్ నమాజ్ తర్వాత ఆయనే ఫాతెహా చదివాడు. బిర్యానీ, దాల్చా, ఖీర్ పక్కన ఆ తెల్లటి చికెన్ కూడా ఉంది. తన చాలీస్వాకు తానే వండి పెట్టుకున్నాడు పిచ్చివాడు.

షబ్రీన్ మొదటి ముక్క అత్త కంచంలో వేసింది. కారం లేనిదే తల్లికి ముద్ద దిగదని ఫాయిజా అలవాటుగా వేయించిన మిరపకాయ పక్కన పెట్టబోయింది. ఖమరున్నీసా ఆ చేతిని ఆపింది. ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"ఉప్పు తక్కువైంది," అంది. కన్నీళ్లు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు. "ఎప్పుడు తక్కువే వేస్తడు."

కంచం కోడలి వైపు జరిపింది.

"ఇంకొకటి పెట్టు, బేటీ."