ఆ ఇంటి మాట ఈ ఇంట్ల

ఫిబ్రవరి పదహారు, ఉదయం ఎనిమిదిన్నర. అమీర్‌పేటలో రెండో అంతస్తు ఇంట్లో సంగీత అత్తగారి సంచి సర్దుతోంది. నాలుగు చీరలు, దువ్వెన, కళ్ళద్దాల డబ్బా, బీపీ మాత్రలు. ఒకటో తారీఖు నుంచి పదిహేను వరకు లచ్చమ్మ పెద్దకొడుకు సురేందర్ దగ్గర ఉంటుంది. పదహారున చిన్నకొడుకు నరేశ్ వచ్చి పంజాగుట్ట తీసుకుపోతాడు. మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. లచ్చమ్మ భర్త రాజనర్సయ్య పోయినప్పటి నుంచి, మూడేళ్ళుగా, ఇదే పద్ధతి.

లచ్చమ్మ అప్పటికి మూడు చెంబుల నీళ్ళు తాగింది. ఉప్మా రెండు ముద్దలు తిని బాత్రూంలో కక్కింది. వారం రోజులుగా ఇదే వరస. నీళ్ళు తాగడం, మూత్రానికి లేవడం, తిన్నది కక్కడం, మిగతా సమయం నిద్ర. ఆసుపత్రికి పోదామని సంగీత రెండుసార్లు అడిగింది. తారీఖు దగ్గర పడింది, అక్కడికి పోయాక చూపించుకుంటానని లచ్చమ్మ దాటవేసింది.

తొమ్మిదికి నరేశ్ వచ్చాడు. తల్లిని చూసి చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"గిట్లయిందేంది వదినా? పోయిన నెల మా ఇంట్లకెల్లి వచ్చినప్పుడు మంచిగనే ఉండె."

"నా దగ్గరకు వచ్చినంకనే ఖరాబయిందంటవా?"

"నేనట్ల అన్ననా?"

"అనకున్నా తెలుస్తది, నరేశ్."

లచ్చమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. మొదటి అంతస్తు దగ్గర ఆగి గోడ వైపు చూసింది.

"ఇది ఎవరిల్లు?"

నరేశ్ నవ్వాడు. ఆమె మళ్ళీ అడిగింది. అప్పుడతను తలెత్తి పైన నిలబడ్డ వదినను చూశాడు. సంగీత సంచి అక్కడే వదిలి కిందికి వచ్చింది. ముగ్గురూ ఆటోలో సోమాజిగూడలోని ఒక ఆసుపత్రికి పోయారు.

లచ్చమ్మకు ఒక నియమం ఉంది. అది ఆ కుటుంబంలో అందరికీ తెలుసు.

మొదటి ఏడాది, పంజాగుట్టలో చిన్నకోడలు రవళి వండిన చిక్కుడుకాయ కూర తింటూ, సంగీత ఇందులో నువ్వుల పొడి వేస్తుందని లచ్చమ్మ అంది. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. రవళి ఆ మాట భర్తకు చెప్పింది. నరేశ్ అన్నకు ఫోన్ చేశాడు. నువ్వుల పొడి దగ్గర మొదలైన మాట తండ్రి అంత్యక్రియల్లో ఎవరు ఎంత తిరిగారనే దాకా పోయింది. అన్నదమ్ములు నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. ఆ ఏడు బల్కంపేట ఎల్లమ్మకు రెండిళ్ళ వాళ్ళూ వేరువేరు రోజుల్లో బోనం తీశారు.

ఆ తరువాత లచ్చమ్మ ఆ ఇంటి మాట ఈ ఇంట్లో చెప్పలేదు. అక్కడ ఏం వండారని అడిగితే "అన్నమే బిడ్డా" అనేది. కొడుకులిద్దరూ ఆ సంగతి చుట్టాలకు గొప్పగా చెప్పుకున్నారు. అందరి అమ్మలూ ఇట్లా ఉంటే ఇళ్ళల్లో కొట్లాటలే ఉండవని చుట్టాలు అన్నారు.

ఆసుపత్రిలో రక్తం తీశారు. సెలైన్ పెట్టారు. డాక్టర్ మంజూష మంచం దగ్గరికి వచ్చి, ఏయే మందులు వాడుతున్నారని లచ్చమ్మనే అడిగింది.

"ఏ ఇంట్ల?" అంది లచ్చమ్మ.

డాక్టర్ ప్రశ్న మార్చి అడిగింది. లచ్చమ్మ ఆమె వెనక నిలబడ్డ సంగీతను చూసి కళ్ళు మూసుకుంది. రోగి అయోమయంగా ఉందని డాక్టర్ కేస్ షీట్ మీద రాసుకుంది.

మధ్యాహ్నానికి సురేందర్ ఆఫీసు నుంచి, రవళి ఇంటి నుంచి వచ్చారు. వరండాలో నాలుగు కుర్చీలున్నాయి. ఎవరూ కూర్చోలేదు. తిండి సరిగ్గా పెడితే మనిషి ఇట్లా అవుతుందా అని రవళి భర్తతో అంది. సంగీతకు వినపడేంత గట్టిగానే అంది.

"వారం నుంచి కక్కుతున్న మనిషిని తారీఖు దాకా ఆపిన్రంటే ఏమనుకోవాలె అక్కా? మా వంతుల పడాలననా?"

"నోరు జర అదుపుల పెట్టుకో రవళి. కాళ్ళ నొప్పులని ఏడుస్తుంటే దవాఖానకు తోల్కపోయింది నేను. రక్తం చూపించింది నేను. నువ్వేం చేసినవ్?"

"నేను చేసింది నీకు చెప్పాల్నా?"

సురేందర్ మధ్యలోకి వచ్చాడు. ఆసుపత్రిలో ఉన్నామని గుర్తు చేశాడు. నరేశ్ అన్నను పక్కకు జరగమన్నాడు, అసలు సంగతి తేలాలన్నాడు. నర్సు వచ్చి, డాక్టర్ గారు ఇంటివాళ్ళను పిలుస్తున్నారని చెప్పేదాకా అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూస్తూ నిలబడ్డారు.

డాక్టర్ బల్ల మీద రిపోర్టు ఉంది. కాల్షియం పద్నాలుగు దాటింది. పదిన్నర మించకూడదు. కిడ్నీలు పావు వంతు కూడా పని చేయడం లేదు.

"ఆవిడకి విటమిన్ డి ఎవరిస్తున్నారండీ?"

"నేనే మేడం," అంది సంగీత. ఆ మాట చెప్పేటప్పుడు రవళి వైపు చూసింది. "కిందటేడు జనవరిల పరీక్ష చేయించిన. తొమ్మిదే ఉండె. ముప్పై ఉండాలన్నరు. పొడి ప్యాకెట్లు రాసిచ్చిన్రు, వారానికొకటి పాలల్ల కలిపి."

"ఎన్ని వారాలు రాశారు?"

"ఎనిమిది. నొప్పులు తగ్గినయి. అందుకే ఆపలే."

"మళ్ళీ పరీక్ష చేయించారా?"

సంగీత లేదని తల ఊపింది. మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తున్నారని చెప్పింది. బలానికే కదా అనుకున్నానంది. లచ్చమ్మ తన దగ్గర ఉండేది పదిహేను రోజులే కాబట్టి, నెలకు సరిపడా నాలుగు ప్యాకెట్లూ ఆ పదిహేను రోజుల్లోనే ఇచ్చేస్తున్నానని కూడా చెప్పింది.

"రెండు ఆ ఇంటికి పంపొచ్చుగా?" అంది డాక్టర్.

"పంపితే, రవళికి చూసుకునుడు రాదన్నట్టు ఉంటదని పంపలే."

డాక్టర్ కాగితం మీద లెక్క వేసింది. ఆగి మళ్ళీ వేసింది.

"దీనికే ఇంత రాదు. రక్తంలో విటమిన్ డి నూట యాభై దాటితే మా మిషన్ అంకె చూపించదు. ఈవిడది అది కూడా దాటింది. ఇంకెక్కడి నుంచో వస్తోంది."

రవళి కుర్చీ అంచు పట్టుకుంది.

"నేను సూది ఇప్పిస్తున్న," అంది.

పోయిన జూన్‌లో లచ్చమ్మ మోకాళ్ళు పట్టుకుంటుంటే వాళ్ళ సందులోని క్లినిక్‌కు తీసుకుపోయింది. ఎండ తగలని మనుషులకు ఇది మామూలేనని అక్కడాయన విటమిన్ డి సూది వేశాడు. అప్పటి నుంచి లచ్చమ్మ వచ్చిన ప్రతిసారీ మరునాడు ఒక సూది. ఎనిమిది నెలలు, ఎనిమిది సూదులు. ఒక్కో దాంట్లో ఆరు లక్షల యూనిట్లు. సంగీత ఇచ్చిన ప్యాకెట్లు పది కలిపితే ఒక సూది.

"మా దగ్గరికొచ్చినంకనే అత్తమ్మ మంచిగ నడుస్తున్నదని చుట్టాలు అనాలె అనుకున్న," అంది రవళి.

డాక్టర్ గొంతు పెంచలేదు. ఎక్కువైన విటమిన్ డి మూత్రంలో పోదని, కొవ్వులో నిలవ ఉండి నెలల తరబడి రక్తంలోకి వస్తూనే ఉంటుందని, అదే కాల్షియాన్ని పెంచి కిడ్నీలను దెబ్బతీసిందని చెప్పింది. డయాలసిస్ చేయాల్సి ఉంటుందంది. తరువాత కిడ్నీలు కొంత కోలుకోవచ్చు గానీ మునుపటిలా కావంది.

"ఎవరో ఒకరికి పెద్దావిడ ఒక్క మాట చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు. నేనడిగినా చెప్పలేదు. ఏ ఇంట్లో అని నన్నే అడిగారు. అయోమయంలో ఉన్నారనుకున్నా."

సురేందర్ అప్పుడు కూర్చున్నాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"అయోమయం కాదు మేడం," అన్నాడు. "మా అమ్మ గట్లనే అడుగుతది."

మూడు డయాలసిస్‌లు చేశారు. ఆరో రోజుకు లచ్చమ్మకు మనుషులు సరిగ్గా తెలిశారు. కోడళ్ళిద్దరూ ఒకే గదిలో ఉండడం చూసి మొదట భయపడింది. ఎవరు పోయిండ్రని అడిగింది. ఎవరూ పోలేదని రవళి చెప్పింది. రాత్రి ఒకరు, పగలు ఒకరు ఉండాలనుకున్నారు గానీ, వంతు అనే మాట ఎవరూ నోట రానివ్వలేదు.

పన్నెండో రోజు డిశ్చార్జి. అన్నదమ్ములు కింద కాగితాల పని మీద ఉన్నారు. సంగీత కొత్త ఫైలు తెచ్చింది. అన్ని రిపోర్టులూ అందులోనే పెడతామని, అత్తమ్మ ఎక్కడుంటే ఫైలు అక్కడుంటుందని చెప్పింది. తరువాత మంచం మీద కూర్చుని అత్తగారి కాళ్ళ మీద చెయ్యి వేసింది.

"అత్తమ్మా, మా ఇద్దరికి చెప్పకుండ ఇంకేమన్న ఉన్నదా? ఇప్పుడు చెప్పు. ఎవ్వరం ఏమనుకోం."

లచ్చమ్మ ఒకరి తరువాత ఒకరిని చూసింది.

"ఎండ లేదు బిడ్డా," అంది.

వాళ్ళకు అర్థం కాలేదు.

"రెండిండ్లల్ల ఎండ లేదు. అమీర్‌పేటల మిద్దె తాళం ఓనరు దగ్గరుంటది. పంజాగుట్టల మెట్లెక్కితే పడతవని నరేశ్ ఒద్దన్నడు. యాభై ఏండ్లు కలుపు తీసిన పానం. జరంతసేపు ఎండల కూసోవాలనిపిస్తుండె. ఇక్కడ అడిగితే అక్కడ మంచిగున్నదనుకుంటరు. అక్కడ అడిగితే ఇక్కడ మంచిగున్నదనుకుంటరు. ఇగ అడగలే."

సంగీత ఏడ్చింది. మిద్దె తాళం తాను రోజూ ఓనరు గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంటే చూసేదాన్నని, అడిగితే ఇచ్చేవాళ్ళేనని చెప్పింది. రవళి అత్తగారి భుజం మీద తల పెట్టింది. తప్పు తనదని ఒకరంటే, కాదు తనదని ఇంకొకరన్నారు. లచ్చమ్మ ఇద్దరి తలలూ నిమిరింది.

"ఇప్పుడు తోల్కపోతరా, ఎండలకు?"

రవళి చేతిలో డిశ్చార్జి కాగితం ఉంది. పొద్దున అది చదివింది. తోడికోడలికి అందించి నాలుగో వరుస మీద వేలు పెట్టింది. ఒంట్లో విటమిన్ డి తగ్గేదాకా, కనీసం మూడు నెలలు, రోగిని ఎండలో కూర్చోబెట్టవద్దని అక్కడ రాసి ఉంది.

"జర ఆగాలె అత్తమ్మా," అంది సంగీత. "డాక్టరమ్మ ఒద్దన్నది."

లచ్చమ్మ ఎందుకని అడగలేదు. సరేనని తల ఊపింది.

పదకొండు కావస్తోంది. కిటికీలో నుంచి ఎండ మంచం మీదికి, ఆమె పాదాల దాకా వచ్చింది. కోడళ్ళిద్దరూ లేచారు. చెరో పక్క నుంచి తెరలు లాగారు.