రెండు కొట్టాల నడిమి గోడ

రొళ్ల దాటి అగళి రోడ్డు పట్టుకొని రెండు మైళ్లు పోతే కుడిపక్క రెండు పాత కొట్టాలు కనపడతాయి. ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. నడిమిన ఒకటే రాతిగోడ. పొద్దు మునిగినాక ఆ పక్కకు ఎవరూ పోరు. గొర్రెలోళ్లు గూడా మందను చుట్టు తిప్పుకొని పోతారు. ఆ గోడలో ఎవరో ఉండారంట... తడతారంట. మూడు దెబ్బలు. ఆగి, మళ్లా మూడు.

నేను పెనుకొండ కోర్టు కాడ టైపు కొట్టేవాణ్ణి. ఇరవై ఏండ్లుగా ఊరూరి కొట్లాటలు నా చేతుల మింద పోతాండాయి. దయ్యాల మాట ఎవరన్నా ఎత్తితే నవ్వేవాణ్ణి. ఈ సంగతి నాకు చెప్పింది గిరి, మా పక్క వకీలు కాడ గుమాస్తా. లేనిది కల్పించి చెప్పే మనిషి గాదు. పైగా, ఆ కొట్టాల కోర్టు కేసు కాగితాల కట్టకు నకలు కొట్టిచ్చింది నేనే.

ఆ కొట్టాలు ఒకే ఇంటోళ్లవి. తాతల నాడు అన్నదమ్ములిద్దరు భాగాలు పంచుకొని చెరొక కొట్టం తీసుకున్నారు. ఇప్పుడు మనవళ్లు ఆ జాగా కోసం కోర్టుకెక్కినారు. రుజువు కోసమని పాత భాగాల పత్రం తెచ్చి పెట్టినారు. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేండ్లకు రాసింది అది. మెట్ట చేను, బావి నీళ్ల వంతు, బండి, రాగి హండా... టైపు కొట్టుకుంటా పోతాండా. హండాకూ పడ్డదూడకూ నడిమిన ఒక వరుస ఉండాది.

‘జీతానికుండే ముత్యాలప్ప పెండ్లాము నరసక్క పెద్దాయన భాగానికి. దాని కూతురు ఈరి, ఎనిమిదేండ్లది, చిన్నాయన భాగానికి.’

తప్పు చదివినానేమో అనుకొని అద్దాలు తుడుచుకొని మళ్లా చూసినా. అదే ఉండాది.

ముత్యాలప్ప అప్పటికే చచ్చిపోయినాడంట. ఆ తల్లీకూతుళ్ల మింద అన్నదమ్ములు మళ్లా కొట్లాడినారు. పని చేసేదాన్ని నువ్వు ఉంచుకొని, తినేదాన్ని నాకిస్తివని తమ్ముడు. ఒప్పుకొని వేలిముద్ర వేసినంక ఇంగేం మాటలని అన్న. పంచాయితీ కూర్చునె. ఎవరి భాగం మనిషి వాళ్ల హద్దులోనే ఉండాల, గోడ దాటగూడదు అని పెద్దలు తీర్పు రాసిరి. తల్లి ఈ కొట్టంలో, బిడ్డ ఆ కొట్టంలో.

మొన్న వానల్లో, గోడ కొలిచి రమ్మని కోర్టు గిరి వాళ్ల వకీలును పంపింది. వెంట గిరి పోయినాడు. మాపటేలకు కొలతలైనాయి. వకీలు, సర్వేయరు కారెక్కి పోయినారు. గిరికి బండి ఉండాది కాబట్టి, పటం గీసుకొని వస్తానని ఆగినాడు. అంతలో వాన దంచుకొనె. పెద్దాయన కొట్టంలోకి దూరినాడు.

వాన నిలిచేసరికి చీకటి. చూరు నీళ్లు కారే చప్పుడు తప్ప ఇంగేమీ లేదు. గిరి కాగితాలు సంచిలో సర్దుకుంటాండాడు.

టక్... టక్... టక్.

బల్లి అనుకున్నాడు. ఆగి విన్నాడు.

టక్... టక్... టక్.

గోడలోనుంచే. మోకాలెత్తున... పడుకున్న మనిషి చెయ్యి ఆనేంత ఎత్తులో.

బయటికి పోదామని సంచి భుజానేసుకున్నాడు. మళ్లా మూడు దెబ్బలు. ఈసారి మెల్లగా... అలిసిపోయిన చెయ్యిలాగ. గిరి కిందికి వంగి, వేలి కణుపుతో గోడను రెండు మార్లు తట్టినాడు.

“ఎందుకు తట్టినావప్పా?” అని అడిగినా.

“ఏమో అన్నా. ఎవరన్నా పిలిస్తే పలకాల గదా.”

అవతల ఊపిరి ఎగబీల్చిన చప్పుడు. ఆపైన గొంతు... సన్నగా, వణుకుతా.

“అమ్మా... నువ్వేనా?”

దయ్యం అమ్మను పిలుస్తుందా? ఆ మాటతో గిరికి ధైర్యం వచ్చె. ఫోను లైటు వేసుకొని, చుట్టు తిరిగి చిన్నాయన కొట్టంలోకి పోయినాడు. ఒక ముసలామె. తడిసిన కోక. గోడకు చెంప ఆనించి కూర్చోనుండాది.

“ఎవరవ్వా నువ్వు?”

“ఈరక్కను నాయనా. ఈ ఊరే. మేకపిల్ల తప్పిపోతే వెతకనీకె వస్తి. వాన పడె.” ఆమె గిరి వెనక్కు చూసింది. “ఆ పక్క ఎవరుండారు?”

“ఎవరూ లేరు. నేనే ఉంటి.”

ఈరక్క తల దించుకొనె. గిరి పక్కన కూర్చున్నాడు. ఆ పేరు పొద్దున కాగితంలో చదివిందే గదా... లేచి పోబుద్ధి కాలేదంట.

“మా యమ్మ ఆ పక్క పండుకుంటాండె,” అనె ఆమె. “కలిస్తే కొట్టేవాళ్లు. అందరూ నిద్రపోయినాక మూడు దెబ్బలు తట్టేది. నేను రెండు తట్టేదాన్ని. అంతే... అంతకన్నా మాటల్లేవు. రెండేండ్లు అట్లే గడిచె.”

“ఆపైన?”

“గంగమ్మ జాతర. పొద్దంతా నీళ్లు మోసి మోసి వస్తి. రాత్రి అమ్మ తట్టె. వినపడె నాయనా. పలుకుదాములే అనుకుంటానే కండ్లు మూసుకుపోయె. నిద్రలో గూడా తడతానే ఉండాది... శానాసేపు. నేను లేయలేదు. మరుసటి రాత్రినుంచి తట్టడమే మానుకొనె. నేను తట్టి తట్టి చూస్తి. పలకలేదు. అమ్మకు నా మింద కోపమొచ్చింది. యాడికో పోయిందని ఊళ్లో అనిరి. ఒక్కమారు పలకనందుకు ఇంత కోపమా అనుకుంటి... నాకూ బిడ్డలు పుట్టినంక గూడా అట్లే అనుకుంటి.”

గిరి చెయ్యి సంచి మింద ఉండాది. కట్టలో ఆఖరి కాగితం ఏందో వానికి తెలుసు. చెప్పాల్నా, వద్దా? చెప్పకపోతే ఆమె ఈ కోపం మోసుకొనే పోతాది. తీసి, ఫోను వెలుతుర్లో చదివినాడు.

“జాతర మరుసటి దినము తెల్లారకముందే మబ్బులో... నరసక్కను మడకశిర అవతల చేనుగలాయనకు ఒప్పగించి, బదులుగా జత ఎద్దులు తోలుకొంటిమి.”

ఈరక్క ముందుకు వంగె. మళ్లా చదవమనె. మళ్లా చదివినాడు.

“అయితే కోపం గాదు.”

“కాదవ్వా.”

“తెల్లారితే తోలుకపోతారని ఆ రాత్రి ఆమెకు తెలుసు.”

గిరి కాగితం మడిచినాడు.

“పోతాండానని చెప్పనీకె తట్టింది,” అనె ఈరక్క. “శానాసేపు తట్టింది.”

ఏడవలేదంట. అరచెయ్యి గోడ మింద పెట్టి, ఎవరి వీపో నిమిరినట్ల నిమరతా కూర్చునె. గిరి లేచి వాకిట్లోకి పోయి నిలబడినాడు. కొంచేపటికి వచ్చి, “పద అవ్వా, బండి మింద ఇంటికాడ దింపుతా,” అన్నాడు. “రాత్రిపూట ఇట్ల వచ్చి తట్టాకు. జనాలు దయ్యమని జడుసుకుంటాండారు.”

ఈరక్క తలెత్తి చూసింది.

“నేను యాడ తట్టినా నాయనా? పెండ్లయి ఈ కొట్టం వదిలినంక ఈ గోడ ముట్టుకోలేదు. ఈ పొద్దే వస్తి. నువ్వే గదా ఆ పక్కనుంచి మూడు తట్టింది?”

“లేదవ్వా. నేను తట్టింది రెండే. మూడు ఈ పక్కనుంచి వినపడితే...”

“రెండు నువ్వు తట్టినావా?” ఆమె మెల్లగా అనె. “నేను తట్టాల్సినవి ఎవరు తట్టినారా అనుకుంటి.”

ఇద్దరూ గోడను చూసినారు. చూరు నీళ్లు గూడా నిలిచిపోయినాయి.

గిరి ఆమె చెయ్యి పట్టుకొని లేపబోయినాడు. ఈరక్క చెయ్యి విడిపించుకొని, తడి కోక దగ్గరికి లాక్కొని, గోడకు చెవి ఆనించి సర్దుకొని కూర్చునె.

“నువ్వు పో నాయనా. ఈ రాత్రి నేను నిద్రపోను.”