సగం కనబడ్డ నెమళ్ళు

ధర్మవరం, 1958. తెల్లారేసరికి పాపన్న మగ్గం మీద పట్టుచీర లేదు. నేత ముగిసి, కోత ఒక్కటే మిగిలిన చీర. ఎవరో కోసి పట్టుకుపోయారు.

పట్టు, జరీ షావుకారువి. దొంగ దొరక్కపోతే పాపన్నే అమ్ముకున్నాడని జైలుకు పంపుతారు. అతని భార్య నీలావతి గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది.

పెనుకొండ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ గంగాధర మగ్గం గుంటలోకి వంగి చూశాడు. పక్కన షావుకారు గుమాస్తా గోవిందప్ప ఇంగ్లీషు వడ్డిస్తున్నాడు. హిందూపురంలో మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఘనుడు. దానికి ఊరంతా ఇంకా శిక్ష అనుభవిస్తోంది.

"డోర్ హాఫ్ ఓపెన్ సార్! కత్తెర పార్ట్లీ హిడెన్, అండర్ ది మ్యాట్!"

"చాప కింద కత్తెర పిడి కనబడతాండాది. అంతే కదప్పా?"

గంగాధరకు ఒళ్ళు మండింది. ఇలాంటివాళ్ళను చూస్తేనే అతనికి అసహ్యం.

"నిన్న చీరను చూసినావా?"

"సాయంత్రం వీధిలో పోతా, కిటికీలోంచి చూసినా సార్. నేసిన చీర చుట్టిన మగ్గం చుట్ట మీద గుడ్డ కప్పినారు. కొంగు మాత్రం పీపింగ్ అవుట్!"

"లోపలికి పోలేదా?"

"నెవర్! నెల దినాలు హిందూపురంలో ఉండి నిన్ననే వచ్చినా."

"కొంగు మీద ఏముండాది?"

"నెమళ్ళు సార్. హాఫ్ హిడెన్ నెమళ్ళు. బ్యూటిఫుల్!"

గంగాధర పాపన్న వైపు తిరిగాడు.

"షావుకారు నెమళ్ళే వేయమన్యాడా?"

"ల్యా సామీ, మామిడిపిందెలు. నా అంతట నేనే మార్చినా. ఎవరికీ చెప్పల్యా."

"కొంగు ఎప్పుడు నేస్తావు?"

"ఊర్లో శానామంది ఆఖర్న నేస్తారు. మా నాయన కాలం నుంచి మాది ముందు కొంగే. అది చుట్టలో అడుక్కి పోతాది. చీరంతా దాని మీదే చుట్టుకుంటాది."

"కిటికీలోంచి కనబడతాదా?"

"చుట్టంతా విప్పితే గానీ కనబడదు సామీ."

గోవిందప్ప నోట్లోని ఇంగ్లీషు ఒక్కసారిగా ఎండిపోయింది.

"చీకట్లో కోసినావు. ఇంట్లో విప్పి నెమళ్ళు చూసుకున్యావు," అన్నాడు గంగాధర. "అందరి మగ్గాల్లో మాదిరే ఈడా కొంగు పైనే ఉంటాదనుకున్యావు. ఇన్నేండ్లు చీరలు అమ్మినావే, ఒక్కనాడన్నా ఈ గుంటలో దిగి చూసినావా?"

కానిస్టేబుల్ గోవిందప్ప ఇంటికి వెళ్ళి అతని పరుపు చుట్ట తెచ్చి విప్పాడు. నెమళ్ళు బయటపడ్డాయి. నీలావతి పరుగున వచ్చి చీరను గుండెకు హత్తుకుంది. పాపన్న గోడకు ఆనుకుని చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు.

బేడీలు పడగానే గోవిందప్పకు తెలుగు గుర్తొచ్చింది.

"సామీ, బజార్లో నడవాల. చేతుల మీద తువ్వాలు కప్పండి. మీ కాళ్ళు మొక్కుతా!"

గంగాధర అతని భుజం మీది తువ్వాలు తీసుకున్నాడు. ఒక చేతి మీద మాత్రం శ్రద్ధగా కప్పాడు. రెండో చేతి బేడీ ఎండలో తళతళలాడింది.

"హాఫ్ హిడెన్," అన్నాడు. "నడువు."