కందుల డబ్బా

అనుమానం ముందు కంట్లో పుడుతుందా, మనసులో పుడుతుందా? ఏళ్లుగా నాకు తేలని సందేహం ఇది. రోజూ దేవుడికి దీపం పెట్టే ఇంట్లోకి కూడా అది ఎలా వస్తుంది? సింధు సంగతి చెబుతాను, మీరే ఆలోచించండి.

ఆ శనివారం మధ్యాహ్నం శంషాబాద్ పిల్లల లైబ్రరీలో సింధు తన కత్తెర మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా నిర్మల ఉంది మరి.

అక్కడ రత్నమాల మేడం ప్రతి వారం పాత పుస్తకంలోంచి ఒక కథ చదువుతారు. తర్వాత పిల్లలు ఆ కథలోని బొమ్మలు చేస్తారు. పిట్టల విందు కథ చదివిన రోజు అట్టతో పిట్టల ముఖాలు చేసి గింజలు అతికించారు. నిర్మల గింజలు తేలేదు. సింధు తన స్టీలు డబ్బాలో మిగిలిన కందులు డబ్బాతో సహా ఇచ్చి, "ఇంటి దగ్గర అతికించుకో" అంది.

అది దసరాకి ముందు మాట. ఇప్పుడు జనవరి. డబ్బా రాలేదు.

"మా డబ్బా ఏది?" అంది సింధు.

"ఇస్త. జర ఆగు."

"ప్రతి వారం ఇదే మాట."

పక్కనున్న వీరేందర్ నవ్వాడు. "గా డబ్బా విమానమెక్కి దుబాయ్ పోయిందేమో."

ఇంట్లో అమ్మ కూడా అడుగుతోంది. అది అమ్మమ్మ ఇచ్చిన డబ్బా. నిర్మల తల దించుకుంటే సింధుకి దొంగచూపులా అనిపించింది. సంచి దగ్గరికి లాక్కుంటే, అందులోనే దాచిందేమో అనిపించింది.

"మేడం, నిర్మల మా డబ్బా కాజేసింది. దొంగ" అంది, అందరికీ వినపడేలా.

నిర్మల సంచి తీసుకుని లేచింది. మేడం పిలుస్తున్నా ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

మరుసటి శనివారం నిర్మల చెయ్యి పట్టుకుని ఆమె నాయనమ్మ లింగమ్మ వచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. నిండా కొత్త కందులు.

"ఇచ్చిన డబ్బాను ఖాళీగ ఎట్ల పంపుతరు? ఈ పిల్ల ఇచ్చొస్తనంటె నేనే ఆపిన. మొన్ననే చేను కోసినం."

"కాస్త చక్కెర పోసి పంపాల్సిందమ్మా" అన్నారు మేడం మెల్లగా.

"కందులు తీసుకొని చక్కెర ఇస్తరా? కందులే ఇయ్యాలె."

సింధు నిర్మల వైపు తిరిగింది. "నాకు చెప్పొచ్చుగా?"

"ఇంట్ల కందులు లేవని అందరి ముంగట ఎట్ల చెప్పాలె?" అంది నిర్మల.

"మీ డబ్బా మీకు ముట్టింది. ఇగ పిల్లను పంప. దొంగ అనిపిచ్చుకోనీకి పంపలే" అంటూ లింగమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

తప్పు నాదేనని నిర్మల చెవిలో చెబితే చాలనుకుంది సింధు. కానీ దొంగ అన్న మాట చెవిలో అన్నది కాదు. లేచి గుమ్మం దగ్గరికి పరుగెత్తింది.

"నిర్మల ఏమీ తీసుకోలేదు. నేనే తెలుసుకోకుండా అన్నాను."

సరిగ్గా అప్పుడే పైనుంచి విమానం దిగుతోంది. కిటికీలు అదిరాయి. ఎవరికీ ఏమీ వినిపించలేదు.

సింధు కదలలేదు. చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచీ చెప్పింది, వెనక వరసకి కూడా వినపడేలా.

లింగమ్మ మనవరాలి చెయ్యి వదిలింది.