కరాళుడు దాచిన నీళ్ల బొమ్మ

రత్నగిరి రాజ్యానికి పెద్ద కష్టం వచ్చింది. కరాళుడనే రాక్షసుడు ఏరునూ చెరువులనూ ఒక్క గుక్కలో పీల్చి, ఆ నీళ్లను తన కోటలో ఎక్కడో దాచేశాడు. ఆ కోట కట్టిన ముసలి శిల్పి, చావబోయే ముందు నీళ్లున్న చోటు ఒక గుడ్డమీద గీసి రాజుకు పంపాడు. ఒక చదరం, దాన్ని ఆనుకుని వరుసగా అడ్డగీతలు, వాటి చివర ఒక గుండ్రం. అంతే.

ఆ రాజ్యంలో బొమ్మ అంటే గోడకు కట్టి, పసుపు కుంకుమ పెట్టి చూసేది. దీన్నీ అలాగే కట్టారు.

"ఇది బురుజు, ఇది నిచ్చెన, పైన సూర్యుడు! ఎక్కితే నీళ్లు మనవే!" అన్నాడు యువరాజు గుణదత్తుడు. పొడుగాటి నిచ్చెన మోయించుకుని వెళ్లాడు. బురుజు ఎక్కబోయి రాయైపోయాడు. పున్నమిలోగా ఆ నీళ్లు తాకకపోతే రాయి కాస్తా ఇసుకై రాలిపోతుందని కబురొచ్చింది.

చెల్లెలు చెంగల్వ ఏడుస్తూ కూర్చోలేదు. గుడ్డ నడుముకు చుట్టి, సున్నుండలు మూటగట్టి అడవిదారి పట్టింది. ముళ్లడవి దాటింది. నిప్పులు కక్కే పామును ఏమార్చింది. చివరికి నిటారు కొండ అడ్డొచ్చింది.

"ఏయ్ పిల్లా, మూటలో ఏంటి?" అంది కొండకొమ్ము మీది గండభేరుండ పక్షి.

"సున్నుండలు. నన్ను కోట చేరిస్తే అన్నీ నీకే తాతా."

"నెయ్యి బాగా పోశారా?"

"తిని చూడు!"

రెండు తలలూ పోట్లాడుకుంటూ మింగాయి. చెంగల్వ వీపెక్కగానే పక్షి రివ్వున లేచింది. ఆమె ఈకలు గట్టిగా పట్టుకుని కిందికి చూసింది. పాడుబడ్డ ఊరి పక్కన ఎండిన దిగుడుబావి. పైనుంచి అది గుండ్రం! దాని మెట్లు అడ్డగీతలు! గబగబా గుడ్డను పక్షి వీపుమీద పరిచింది. అచ్చం అదే పోలిక! అయితే చదరం కోట బురుజు, గుండ్రం అక్కడి బావి!

"అయ్యో తాతా! మావాళ్లు ఎదురుగా నిలబడి చూశారు. గీసినాయన నీలాగ పైనుంచి చూశాడు!"

"పైనుంచి నాకు రోజూ బావులన్నీ ఇలాగే కనిపిస్తాయిగా. అడిగితే చెప్పేవాణ్ణి," అని గొణిగింది పక్షి.

పక్షి కోటలో దిగేసరికి రాయైన అన్న చేయి పైకి చాచి నిలబడి ఉన్నాడు. వేళ్లనుంచి అప్పుడే ఇసుక రాలుతోంది. కరాళుడు అడ్డంగా వచ్చి గుడ్డమీది గుండ్రాన్ని చూపించాడు.

"మీ అన్న సూర్యుడన్నాడు. నువ్వేమంటావే? తప్పు చెప్పావో, నిన్నూ పక్కనే నిలబెడతా!"

"బావి. ఇవి దిగే మెట్లు."

"మెట్లా! మరి లోతు ఏదే ఇందులో?"

"పైనుంచి చూస్తే లోతు కనపడదు మామా. దిగితే తెలుస్తుంది!"

గుట్టు బయటపడగానే కరాళుడి మాయ అతనికే తిరగబడి, కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. చెంగల్వ గుడ్డను నేలమీద పరిచి, చదరాన్ని బురుజు వైపు తిప్పింది. అడ్డగీతలు ఉండాల్సిన చోట పెద్ద బండ ఉంది. పక్షి గోళ్లతో దాన్ని పెకలించింది. కింద మెట్లు! చెంగల్వ దడదడా దిగింది. పాదాలకు చల్లగా నీళ్లు తగిలాయి! దోసిలి ముంచగానే బావి ఒక్కసారిగా పొంగింది. ఆ వరదలో కరాళుడు ఉప్పుగల్లులా కరిగిపోయాడు.

నీళ్లు తాకగానే గుణదత్తుడు ఒళ్లు విరుచుకుని, "చెల్లీ, ఇంకా పొడుగు నిచ్చెన కావాలే!" అన్నాడు.

"ముందు తాగు అన్నయ్యా! నిచ్చెన సంగతి దార్లో చెబుతా."

ఏరు వాళ్లకన్నా ముందే రత్నగిరి చేరింది. మోకాలిలోతు నీళ్లలో నిలబడే జనం చెంగల్వకు కిరీటం పెట్టారు. నవ్వుతూ గొడుగు పట్టినవాడు గుణదత్తుడే.