పోకదారి

రెండువేల ఎనభై ఒకటో సంవత్సరం నాటికి విశాఖపట్నం వీధుల్లో కుక్క అన్నది కనబడటం మానేసింది. చంపేశారేమో అనుకునేరు, అదేం కాదు. అన్నీ ఇళ్ళల్లోకి చేరాయి. బీచ్‌రోడ్డులో బండ్ల వెంటపడినవీ, చేపల రేవులో తన్నులు తిన్నవీ, గజ్జి పట్టి ఎవరూ దగ్గరికి రానివ్వనివీ, అన్నిటికీ యజమానులు దొరికారు. ఇంత దయగల ఊరు ఇంకోటి లేదని దేశమంతా మెచ్చుకుంది. ఆ కుక్కలు యజమానిని వదిలి ఆరడుగులు కూడా కదలవనీ, విశ్వాసమంటే అదేననీ పత్రికలు రాశాయి. రాయడానికేం, కాగితం కాదంటుందా?

భీమిలి రోడ్డులో ఉన్న జంతు శస్త్రచికిత్స కేంద్రానికి పెద్ద డాక్టరు వకుళ. కుక్కలకూ పిల్లులకూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చెయ్యడం ఆవిడ ఇరవయ్యారేళ్ళుగా చేస్తున్న పని. ఆ రోజుల్లో యంత్రాలు గుండెలు మారుస్తున్నాయి, కళ్ళు కుడుతున్నాయి. అయినా ప్రాణమున్న దాని మీద కత్తి మాత్రం మనిషి చేత్తోనే పడాలని చట్టం ఉండేది. యంత్రానికి జాలి ఉండదు కదా అని ఆ చట్టం చేసినవాళ్ళ ఆలోచన. అందుకని మత్తు ఇవ్వడం, ఒంటిమీద బొచ్చు గొరగడం, నాడి చూడటం "దాది" అనే యంత్రం చూసుకునేది. అది గోడలోంచే మాట్లాడేది. కోసేదీ కుట్టేదీ వకుళ.

నిజానికి ఆపరేషన్ కంటే దాని ముందూ వెనకా ఉండే పనే కష్టం. ముందు రోజు స్నానం చేయించాలి. రాత్రి నుంచి తిండి పెట్టకూడదు, నీళ్ళు మాత్రం తెల్లారేదాకా ఇవ్వచ్చు. కడుపులో మెతుకులుంటే మత్తులో అవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ప్రాణం మీదికొస్తుంది. ఈ మాట వకుళ ఎన్ని వేలసార్లు చెప్పిందో! వినేవాళ్ళేరీ? "నోరులేని జీవి, మొహం చూసి ఉండలేకపోయానండీ" అంటూ పెరుగన్నం పెట్టి మరీ తెచ్చేవారు. బిస్కెట్టే కదా అనేవారు. మొదటి ముద్ద కుక్కకు పెట్టందే తాను తిననని ఒకావిడ వాదనకే దిగింది. పదింట నాలుగు కుక్కల్ని వకుళ వెనక్కి పంపేసేది, యజమానులకు నాలుగు చీవాట్లు పెట్టి.

ఆపరేషన్ అయ్యాక పది రోజులు ఇంకో తంటా. గెంతనివ్వకూడదు, తడి తగలనివ్వకూడదు, పూటపూటా గాయం ఎర్రబడిందేమో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, కుట్లు నాకనివ్వకూడదు. మెడకు ప్లాస్టిక్ గరాటు తొడిగితే కుక్క గోడలకు గుద్దుకుంటూ మూలిగేది, ఇంట్లోవాళ్ళు జాలిపడి ఊడదీసేవాళ్ళు, మర్నాటికి కుట్లు ఊడేవి. ఆ జాలి ఎన్ని కుక్కల్ని చంపిందో లెక్కలేదు.

అందుకే వకుళ, నరాల ఇంజినీరు ఇమ్మానియేలుతో కలిసి ఆరేళ్ళ కిందట సహవేదినిని కనిపెట్టింది. జనం దాన్ని జోడుపట్టీ అన్నారు. ఒక పట్టీ కుక్క మెడకు, రెండోది యజమాని మణికట్టుకు. మెడపట్టీలోని సెన్సర్లు కుక్క వెన్నుపాములో నడిచే సంకేతాలను చదివి, దాని నొప్పిలో కాస్త యజమానికి పంపిస్తాయి. అది రాకదారి, కుట్లు మానాక దానంతటదే మూసుకుంటుంది. కుట్టు ఎక్కడ లాగుతోందో, ఎక్కడ మంట పుడుతోందో మనిషికి తన పొట్టలోనే తెలిసేది. రెండోది పోకదారి. మణికట్టు మీది బొత్తాం నొక్కితే, ఆ మనిషి నరాల్లో అప్పటికి బలంగా ఉన్న సంకేతం కుక్కలోకి మళ్ళుతుంది. నకలు కాదు, కాలవ మళ్ళించినట్టే. ఇక్కడ తగ్గిపోయి అక్కడ చేరుతుంది. ఇద్దరూ ఆరడుగుల లోపు ఉంటే చాలు. యజమాని ప్రశాంతత కుక్కకు చేరి, అది కుట్ల సంగతి మరిచిపోయి నిద్రపోవాలన్నది ఉద్దేశం.

"ప్రశాంతతే పోతుందని ఏముంది మేడమ్? ఒక ఫిల్టరు పెడదామా?" అని అప్పట్లో ఇమ్మానియేలు అడిగాడు.

"కుట్లు పడ్డ కుక్కని ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనిషి దగ్గర ప్రేమ కాక ఇంకేం ఉంటుందయ్యా?" అంది వకుళ.

ఫిల్టరు పెట్టలేదు. ఆపరేషన్ అయిన కుక్కకే పట్టీ ఇవ్వాలనీ, పది రోజులకు తిరిగి తీసుకోవాలనీ నియమం పెట్టుకున్నారు. ఒక జత ఒక మనిషికీ ఒక కుక్కకే పనిచేసేది. ఇద్దరిలో ఎవరు పోయినా అది పనికిరాదు.

ఆ సోమవారం ఉదయం నలభై ఒక్క కుక్కలు వచ్చాయి.

"మూడో బల్ల మీది ఆడకుక్కకి గర్భసంచిలో చీము ఉంది డాక్టర్. ముందు దాన్నే చెయ్యాలి, మత్తుకు సిద్ధం చేస్తున్నాను. నలభై ఒకటీ ఖాళీ కడుపుతోనే ఉన్నాయి" అంది దాది.

"ఒక్కటి కూడా తినలేదా?"

"లేదు. ఇవాళే కాదు, గడచిన ఐదు నెలల్లో తిని వచ్చిన కుక్క ఒక్కటీ లేదు."

వకుళకు గర్వం కలిగింది. ఇన్నాళ్ళకు జనం తలకెక్కిందనుకుంది. అద్దాల తలుపు అవతల పడుకున్న చామంతి వైపు చూసి "విన్నావుటే?" అంది నవ్వుతూ. చామంతి ఆవిడ పెంపుడు కుక్క. సహవేదిని మొట్టమొదట కట్టి చూసింది దానికే. పనివేళల్లో ఆపరేషన్ బల్లకు దగ్గరగా ఆ తలుపు అవతల పడుకోవడం దానికి అలవాటు. కొన్నేళ్ళుగా ముందుకాళ్ళు నేలకు సరిగా ఆనించడం లేదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. వయసు మీద పడుతోంది కదా అని వకుళ దానికి రోజూ నూనెతో కాళ్ళు రాసేది.

చేతులు కడుక్కుంటూ ఉండగా ఆ గర్వం చల్లబడింది. ఇరవయ్యారేళ్ళు మారని జనం ఐదు నెలల్లో ఎలా మారారు? ఆకలేసిన కుక్క ఊరుకోదు. కాళ్ళ చుట్టూ తిరుగుతుంది, గిన్నె దగ్గరికి వెళ్ళి వెనక్కి చూస్తుంది. నలభై ఒక్క ఇళ్ళల్లో ఒక్క ముసలమ్మ మనసైనా కరగలేదా? ఒక్క పసిపిల్లయినా దొంగచాటుగా బిస్కెట్టు ముక్క పెట్టలేదా? వకుళకు ఎందుకో భయం వేసింది.

మూడో బల్ల కుక్కకి మత్తు ఎక్కేలోగా ఆవిడ బయటికి వచ్చింది, ఎప్పటిలాగే చామంతీ వెంటే వచ్చింది. వరసలో ముందున్నాయన సింహాద్రప్పడు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఆయన పక్కన బక్కచిక్కిన గోధుమరంగు కుక్క నిలబడి ఉంది.

"దీని పేరేంటండీ?" అడిగింది వకుళ.

"పేరేటమ్మా, కుక్కే గదా."

దాది యంత్రపు చేయి కుక్కను వెల్లకిలా తిప్పి పొట్ట మీద బొచ్చు గొరిగింది. కింద మానిపోయిన సన్నని గీత కనబడింది. ఏడు నెలల కిందట ఇక్కడే దీనికి ఆపరేషన్ అయిందని దాది చెప్పింది.

సింహాద్రప్పడు తలొంచుకున్నాడు. "మా వొదినదమ్మా. ఆవిడ పోనాది. కుక్క కాళీగా ఉంది. మళ్ళీ ఒకపాలి కొయ్యండి. కొయ్యకపోతే పట్టీ ఇవ్వరంట గదా? అందుకే రేతిరి నుంచి ఒక్క మెతుకూ ఎట్నేదు."

"పట్టీ మీకెందుకు?"

"మోకాళ్ళమ్మా. ముప్పయ్యేళ్ళు క్రేను మెట్లెక్కి అరిగిపోనాయి. బొత్తాం నొక్కితే నొప్పంతా దానికెళ్ళిపోతాది. పోయినేడు సింహాచలం మెట్లన్నీ ఎక్కీసినాను, తెలుసా?"

"పోయినేడా? అప్పుడే కుక్క ఉంది మీకు?"

"ఉండీది. ఎనిమిది నెల్లుండి అదీ పోనాది." వకుళ మొహం చూసి ఆయనకు రోషం వచ్చింది. "నానేటి కొట్నానా, తిట్నానా? మూడు పూటలా తిండెట్టినాను. అదేటీ అనీది కాదు, నా కాళ్ళ కాడే పడుండీది. మా ఈదిలో అందరూ ఇంతే. నన్నొక్కడ్నే అంటారేటమ్మా?"

వకుళ లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.

"దాదీ, ఊళ్ళో ఎన్ని పోకదారులు తెరిచి ఉన్నాయి?"

"పదకొండువేల నాలుగువందల అరవై."

"పది రోజులకు వెనక్కి తీసుకోవాలి కదా?"

"కుట్లు విప్పిన రోజున పట్టీలు పోయాయని యజమానులు రాసిస్తున్నారు. రాసిస్తే వదిలెయ్యమని నియమం ఉంది."

"వాటిల్లో ప్రశాంతత వెళ్తున్నవి ఎన్ని?"

"రెండువందల పన్నెండు. మిగతావి నడుంనొప్పి, పంటిపోటు, కీళ్ళవాతం, తలనొప్పి. పదహారువందల దారుల్లో వెళ్ళేదానికి ఒంట్లో ఫలానా చోటంటూ లేదు. మనుషులు దాన్ని దిగులంటారు."

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచింది వకుళ.

"లోపం ఉంటే చెప్పమన్నారు. సంకేతాలు సక్రమంగానే చేరుతున్నాయి డాక్టర్."

పై అంతస్తులో ఉన్న ఇమ్మానియేలును పిలిపించింది. అతను అంకెలన్నీ విని, కుర్చీలో కూలబడ్డాడు.

"ఇన్ని కుక్కలు, ఒక్కటైనా అరవలేదేం మేడమ్?"

"అరవదయ్యా. దెబ్బ తగిలిందని తెలిస్తే మంద వదిలేస్తుందని వాటికి పుట్టుకతోనే భయం. దాచుకుంటాయి. యజమాని పక్కన ఉంటే ఇంకా దాచుకుంటాయి." ఆవిడ అద్దాల తలుపు వైపు తిరిగింది. "వీధికుక్కలన్నిటికీ ఇళ్ళు దొరికాయని సంబరపడ్డాను. నా చేత్తో నేనే పట్టీలు కట్టాను."

"మూసెయ్యండి. మీ గొంతుతో ఒక్క మాట చాలు, అన్నీ మూసుకుపోతాయి."

"పదకొండువేలమందికి ఒక్కసారిగా నొప్పులు తిరిగొస్తాయి."

"రానివ్వండి మేడమ్. వాళ్ళవే కదా!"

ఆ మాట వకుళకు నచ్చింది. తల ఎత్తి, స్పష్టంగా పలికింది. "దాదీ, పోకదారులన్నీ మూసెయ్."

"మూసే ముందు ఆపరేషన్ గదిలో ఉన్నవారిని హెచ్చరించాలని మీరే నియమం రాశారు. కత్తి చేతిలో ఉండగా హఠాత్తుగా నొప్పి రాకూడదు కనుక."

"ఇక్కడ పట్టీ ఎవరికుంది?"

"మీకుంది డాక్టర్."

వకుళ తన మణికట్టు వైపు చూసుకుంది. మొదటి పరీక్షల నాడు కట్టుకున్న పట్టీ అది. గడియారంలా ఒంటికి అలవాటైపోయింది, తియ్యాలన్న ఆలోచనే రాలేదు. చామంతికి తన ప్రశాంతత చేరుతూ ఉంటుందిలే అనుకుంది.

"మీ దారి ఐదేళ్ళ తొమ్మిది నెలలుగా తెరిచే ఉంది. ఈ ఊళ్ళో నొప్పి నడిచిన మొదటి దారి మీదే. రెండు చేతుల వేళ్ళ కీళ్ళు" అంది దాది, ఎప్పటిలాంటి గొంతుతోనే.

ఆరేళ్ళ కిందట పొద్దున లేస్తే వకుళకు వేళ్ళు ముడుచుకునేవి కావు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి కూడా వీలయ్యేది కాదు. ఇక కత్తి పట్టలేనేమోనని ఏడ్చిన రోజులున్నాయి. తర్వాత ఎవరో డాక్టరు కొత్త మాత్రలిచ్చాడు, తగ్గింది. ఆ మాత్రల గురించి ఆవిడ కనబడినవాళ్ళందరికీ చెప్పింది.

ఇమ్మానియేలు వైపు చూడకుండా, మణికట్టు మీది బొత్తాం తానే ఆపేసింది.

నొప్పి వచ్చింది. అది ఆరేళ్ళలో ముదిరిన నొప్పి. పది వేళ్ళూ తలుపు సందున పడ్డట్టయింది. చేతులు వెనక్కి లాక్కోబోతే బల్ల మీది కత్తెర కిందపడింది. వంగి తియ్యబోతే వేళ్ళు మాట వినలేదు.

అద్దాల తలుపు అవతల చామంతి తలెత్తింది. ముందుకాళ్ళు చాపి, నమ్మలేనట్టు ఒకసారి వాసన చూసుకుంది. లేచి నిలబడింది. నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలబడి ఒళ్ళు విదిలించుకుంది. మరుక్షణం వరండా చివరిదాకా పరుగుతీసింది. అక్కడ ఎండలో ఎగురుతున్న ఎండుటాకు వెంటపడి, అది దొరక్కపోతే గుండ్రంగా తిరిగి మొరిగింది. దాని మొరుగు విని ఎన్నేళ్ళయిందో వకుళకు గుర్తు రాలేదు. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"మూడో బల్ల కుక్కకి మత్తు పూర్తిగా ఎక్కింది. గంటలోపు గర్భసంచి తియ్యకపోతే బతకదు" అంది దాది.

"ఇంకెవరైనా డాక్టరు?" అడిగాడు ఇమ్మానియేలు.

"విజయనగరం నుంచి రావాలి. రెండు గంటలు."

వకుళ బల్ల దగ్గరికి వెళ్ళింది. యంత్రపు చేయి అందించిన కత్తిని అందుకోబోయింది. వేళ్ళు దాని చుట్టూ ముడుచుకోలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మూడోసారి కత్తి బల్ల అంచుకు తగిలి జారింది. కళ్ళ ముందు కుక్క పొట్ట నెమ్మదిగా పైకీ కిందికీ కదులుతోంది.

"ఈ ఒక్కటీ అయ్యాక మూసేద్దాం. ఒక ప్రాణం కదా" అంది.

ఇమ్మానియేలు కిందపడ్డ కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు.

"బయట ఇంకా నలభై ఉన్నాయి డాక్టర్. రేపటికి నలభై నాలుగు రాసుకున్నారు. మూసివేత ఏ రోజుకు పెట్టమంటారు?" అని దాది అడిగింది.

వకుళ మోచేత్తో అద్దాల తలుపు కాస్త తోసి, వరండా వైపు తిరిగి పిలిచింది.

"చామంతీ! రామ్మా."

చామంతి ఎండుటాకును వదిలేసి, తోక ఊపుకుంటూ, నాలుగు కాళ్ళ మీదా పరుగున వచ్చి తన చోట పడుకుంది. వకుళ బొత్తాం నొక్కి, కత్తి అందుకుంది.